ప్రాస్పెక్టస్‌లో లేని కాలు

హిందూపురం,
12 జూలై 1964

మేనమామల్లోకెల్లా కోపిష్ఠి, నేతగాళ్ళలోకెల్లా మొనగాడు అయిన చౌడప్ప మామ పాదానికి, మేనల్లుడు ఆదినారాయణ సాష్టాంగపడి వ్రాసుకున్న విన్నపం.

పాదాలకు అని బహువచనం వాడవలసింది. నిరుడు ఆ తుమ్మముల్లు నీ ఎడమకాలికి చేసిన పనికి వ్యాకరణం కూడా మారిపోయింది. కోప్పడకు. ఈ జాబు ఆ విషయం గురించే.

నేను ఇంజనీరింగు ఆఖరి సంవత్సరంలోకి వచ్చాను. వచ్చినందుకు మా కాలేజీవారే ఆశ్చర్యపడుతున్నారు. ఈ ఏడాది ఏమేమి చేస్తే డిగ్రీ చేతికిస్తారో ప్రాస్పెక్టస్ అనే పచ్చట్ట పుస్తకంలో అచ్చు వేశారు. దాన్ని స్నానం చేసి మరీ పారాయణం చేశాను. తొమ్మిది నెలలు ఏదైనా వర్కుషాపులో పని నేర్చుకోవలె. అందుకే ఈ హిందూపురంలో చెరకు గానుగలు చేసేచోట చేరి ఇనుపరజను మింగుతున్నాను. పద్నాలుగు రోజులు పెనుకొండ కొండను గొలుసుతో కొలవవలె. ఆ కొండ పుట్టినప్పటినుంచి అక్కడే ఉంది, ఎక్కడికీ పోదు, అయినా కొలవవలె. ఎన్.సి.సి. బూట్లు వేసుకుని కవాతు చేయవలె. అన్నిటికీ మించి, సొంత బుర్రతో ఒక యంత్రం చేసి, అది నిజంగా పనిచేస్తోందని వాడినవారి చేత ధ్రువపత్రం తేవలె. మార్చి నెలాఖరులోగా అది ఆఫీసులో పడకపోతే ఇంకో ఏడాది అదే పచ్చట్ట పారాయణం.

మావాళ్ళంతా నీళ్ళ పంపులు చేస్తున్నారు. నేను ప్రొఫెసరు గారి ముందు నిలబడి "కాలు చేస్తాను సార్" అన్నాను. "ఏ యంత్రం కాలు?" అన్నారు. "మా మామ కాలు సార్. ధర్మవరంలో మగ్గం నేస్తాడు" అన్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడిచి, కాలు మెకానికల్ కిందికి రాదు, సివిల్ కిందికి రాదు, డాక్టర్ల దగ్గరికి పో అన్నారు. పోయాను. కాలు తీయడం వరకే మా చదువు, పెట్టడం కాదు అన్నారు డాక్టర్లు. మళ్ళీ వచ్చి, "కాలు చేయకూడదని ప్రాస్పెక్టస్‌లో ఎక్కడుంది సార్?" అని అడిగాను. ఆయన అరగంట తిరగేశారు. ఎక్కడా లేదు. "లేదు కాబట్టి చెయ్యి. అయితే మనిషి శరీరం గురించి ఈ అయిదేళ్ళలో నీకు ఒక్క గంట పాఠం కూడా లేదు. అది నీ ఖర్మ" అని సంతకం పెట్టారు.

కాబట్టి మామా, నీ మోకాలినుంచి నేలకు ఎంత దూరమో, మిగిలిన జానెడు కాలు చుట్టుకొలత ఎంతో బుజ్జమ్మ చేత కొలిపించి పంపు. నీ మగ్గం మూగనోము పట్టి ఏడాది అవుతోందని అమ్మ చెప్పింది. దాని నోము విడిపించే పూచీ నాది.

నీ
ఆది

*

ధర్మవరం,
20 జూలై 1964

చిరంజీవి ఆదినారాయణను మామ చౌడప్ప దీవించి రాయించేది ఏమంటే, ఈడ అందరం బాగుండాము. నేను చెప్తాంటే మీ మరదలు రాస్తాంది. ఎస్సెస్సెల్సీ పాసైనాంక నేను చెప్పేదొకటి, అది రాసేదొకటి ఐతాంది. ఉన్నదున్నట్టు రాయమని గదమాయించినా.

ఒరే ఆదీ, నీ జాబు రెండు తూర్లు చదివించుకుంటి. కాలు చేస్తానంటివి, సంతోషం. మన వంశంలో బండికి ఇరుసు చేసినోడు గూడా లేడు. నువ్వు ఏకంగా కాలికే పోతివి.

ఒంటికాలితో రెండు తొక్కుడు పలకలూ తొక్కి చూస్తినప్పా. అది నేత గాదు, కుంటాట. ఒకపక్క పోగు బిగుస్తాది, ఇంకోపక్క జారతాది. అది ఇడిచిపెట్టి ఇప్పుడు ఆడోళ్ళ మధ్యన కూచుని కండెలు చుడతాండా. ధర్మవరంలో ఏ కోడలికి ఏ అత్తతో పడదో నాకు కంఠతా వచ్చేసింది. ఆ సబ్జెక్టు నీ పచ్చట్టలో ఉంటే చెప్పు, నాది ఫస్టు క్లాసు.

మీ అత్త బాలనాగమ్మ నాకు ఉగాది దాకా గడువు పెట్టింది. అంతలోపల నేను మగ్గం గుంటలో దిగితే సరే. లేకుంటే మన్ను పోసి పూడ్చి, దానిమింద నా మంచం వేస్తాదంట. ముప్పై ఏండ్లు కాళ్ళు పెట్టిన గుంటమింద నేను పండుకోవాల్నా? ఇప్పటికే దాని కోడి ఆ గుంటలో దిగి గుడ్లు పెడతాంది. నేను పోయి అదిలిస్తే, కదలకుండా నన్ను పైకీ కిందికీ చూస్తాది. దానికి రెండు కాళ్ళుండాయని పొగరు.

కొలతలు. మోకాలి కాన్నుంచి నేలకు రెండు జానలు మింద రెండు వేళ్ళు. ఎవురి జాన అంటావేమో, నా జానే.

ఇంకో సంగతి. నవ్వద్దు. లేని కాలికి దురద పెడతాంది. బొటనేలికీ రెండో ఏలికీ నడుమ, మధ్యాన్నం పూట. గీరుకుందామని చెయ్యి పెడితే ఆడేముండాది, గాలి. చాప గీరితి, గోడ గీరితి. పోదు. దానికేమన్నా నీ ఇంజనీరింగులో ఉపాయం ఉండాదా?

మామ చౌడప్ప, వేలిముద్ర

బావా, నాయన జాన అన్నది నా జాన. ఆయన ఒంగలేక నా చేత కొలిపించి తన జాన అని రాయించినాడు. అదీ చాలక మూడు వేళ్ళు అని నేను చెప్తే, రెండే అని దిద్దించినాడు. స్కూలు స్కేలు తెచ్చి కొలిచిన అంగుళాలు ఈ కాగితం వెనక రాసినాను. వాటినే నమ్ము. – బుజ్జమ్మ

*

హిందూపురం,
30 ఆగస్టు 1964

మామకు నమస్కారం.

మనిషి శరీరం గురించి కాలేజీలో పాఠం లేదని చెప్పాను కదా. అందుచేత హిందూపురంలో నేనే ఒక కోర్సు ప్రారంభించాను. విద్యార్థులు ఒక్కరు. ఆ ఒక్కడు అన్ని విషయాల్లోనూ వెనకబడి ఉన్నాడు.

శరీరశాస్త్రానికి ఆచార్యుడు ఏసుదాసు. ఇక్కడ ఆస్పత్రిలో కట్లు కట్టే మనిషి. ఆయన పాఠాలు దోసెల హోటల్లో జరుగుతాయి. మోకాలి కీలు ఎట్లా మడుచుకుంటుందో తెలియాలంటే మేకకాలు తెమ్మన్నాడు. తెచ్చాను. కోసి, నరం నరం చూపించి, పేర్లన్నీ వల్లె వేయించాడు. పాఠం అయినాక పాఠ్యపుస్తకాన్ని మిరియాలు వేసి వండుకుని తిన్నాం. ఇంత రుచికరమైన సబ్జెక్టు నేను ఇంతకుముందు చదవలేదు.

కొయ్యశాస్త్రానికి మా వర్కుషాపు వడ్రంగి రామచంద్ర. ఈయన నా చేతికి ఉలి ఇవ్వడానికి నెల పట్టింది. అంతవరకు చెక్కపొట్టు ఊడ్పించాడు. "ఏన్ సార్, పొట్టు పట్టుకుని ఏ చెక్కో చెప్పలేనోడు చెక్కను పట్టుకుని ఏం చెప్తాడు?" అంటాడు కన్నడం కలిపి. ఇప్పుడు నేను కళ్ళు మూసుకుని వాసన మీద వేప, టేకు, పనస చెప్పగలను. మా ప్రొఫెసరు గారు చెప్పలేరని పందెం.

ఇక నడక. అది నేర్పేవారు దొరకలేదు. అందుకని ఒక ఆదివారం బస్టాండులో కూర్చుని, వచ్చేపోయేవారి పాదాలు చూస్తూ నోటుపుస్తకంలో గీసుకున్నాను. మడమ ముందు పడుతుందా, వేళ్ళు ముందు పడతాయా అని. గంట గడిచేసరికి రొళ్ల బస్సు కోసం కూర్చున్న ఒక ముసలామె లేచొచ్చి, "ఏమబ్బా, చదువుకున్నోని మాదిరుండావు, ఆడోళ్ళ కాళ్ళు చూస్తాండావే?" అంది. "కోర్సమ్మా" అన్నాను. "యాడుందబ్బా ఆ కాలేజీ? మా మనవణ్ణి ఆడ చేర్పించను" అంది. ఆ రోజు క్లాసు అంతటితో ముగిసింది.

నీ దురద గురించి ఏసుదాసును అడిగాను. కాలు పోయినవాళ్ళు చాలామంది అదే మాట అంటారట, మందు మాత్రం తెలియదట. ప్రొఫెసరు గారికి కార్డు రాస్తే "సిలబసులో లేదు" అని రెండు మాటల్లో జవాబు వచ్చింది.

ఓపిక పట్టు. గానుగ పక్కన నీ కాలు తయారవుతోంది.

ఆది

*

హిందూపురం,
18 అక్టోబరు 1964

మామకు,

ఈ జాబుతోబాటు నీ కాలు వస్తోంది. బస్సు కండక్టరు దాన్ని చూసి "లగేజీనా, ప్యాసింజరా?" అన్నాడు. ధర్మవరంలో దిగాల్సిన మనిషిలో కొంత భాగం అన్నాను. డ్రైవరు పక్కన కూర్చోబెట్టాడు. ఇంత గౌరవంగా నేనెప్పుడూ ప్రయాణం చేయలేదు.

విశేషాలు విన్నవించుకుంటాను. పైన వేపచెక్క గిన్నె, లోపల కంబళి మెత్త. నడుమ అల్యూమినియం గొట్టం. మడమ దగ్గర సైకిలు సీటు స్ప్రింగు. దాని అడుగున ఇనుప పట్టీ, దానికి బిగించిన నల్ల తోలు బూటు. లైబ్రరీలో దొరికిన ఒకే ఒక్క పుస్తకంలో ఒకే ఒక్క బొమ్మ ఉంది, దాంట్లో దొరవారి కాలికి అచ్చం ఇట్లాంటి బూటే ఉంది. దొరలు వాడేది నా మామ ఎందుకు వాడకూడదు? బూటు నాణ్యత సర్కారువారు మెచ్చినది, ఇంతకుమించి అడగవద్దు.

కట్టుకో, నడువు, నెయ్యి. ఎన్ని మూరలు దిగిందో రాయించు.

ఆది

*

ధర్మవరం,
29 అక్టోబరు 1964

చిరంజీవి ఆదినారాయణకు మామ దీవెనలు.

కాలు అందింది. బ్రహ్మాండంగా ఉండాది. వీధిలో అందరూ వచ్చి చూసిపోయినారు. తళతళలాడతాంది. నీ తెలివికి అందరూ ముక్కుమింద వేలేసుకున్యారు.

ఈడ వానల్లేవు. ఒళ్ళు జాగర్త. చలికాలం తలకు గుడ్డ కట్టుకో.

మామ చౌడప్ప, వేలిముద్ర

బావా, ఈ జాబు నాయన మళ్ళీ చదివించుకుంటాడు గనక నేను రాయడానికేమీ లేదు. కాలు చాలా శుభ్రంగా ఉంది. మీద దుమ్ము కూడా పడలేదు. – బు.

*

పెనుకొండ,
10 డిసెంబరు 1964

మామకు,

కొండ మీద గుడారంలోనుంచి రాస్తున్నాను. తొమ్మిది రోజులుగా కోట గోడ పొడవు కొలుస్తున్నాం. రోజుకొక పొడవు వస్తోంది. కోట కట్టినవారు మమ్మల్ని పైనుంచి చూసి నవ్వుకుంటూ ఉంటారు.

నీ కాలు తలుచుకుంటే నాకు కడుపు నిండుతుంది. "మా మామ ఈపాటికి పది చీరలు దించి ఉంటాడు" అని రాత్రి భోజనాల దగ్గర ఒకటికి రెండుసార్లు చెప్పడంతో, మావాళ్ళు నన్ను చూడగానే పళ్ళేలు తీసుకుని లేచిపోతున్నారు. నువ్వు మాత్రం ఎన్ని మూరలో రాయించనే లేదు. రాయించు. ధ్రువపత్రం కూడా కావాలి.

ఇక్కడ ఒక చిన్న అవమానం జరిగింది. పొద్దున్నే ఎన్.సి.సి. కవాతు. నేను కుడికాలికి బూటు, ఎడమకాలికి చెప్పు వేసుకుని నిలబడ్డాను. హవల్దారు నా చుట్టూ మూడు ప్రదక్షిణలు చేసి, రెండో బూటు ఏదన్నాడు. కొండ మీద కోతి ఎత్తుకుపోయింది సార్ అన్నాను. ఆయన రిజిస్టరు తెప్పించి, నా పేరు ఎదురుగా "కోతి" అని రాసుకున్నాడు. అది బూటు గురించో నా గురించో అడగలేదు.

ఆది

*

ధర్మవరం,
16 డిసెంబరు 1964

బావకు బుజ్జమ్మ నమస్కారాలు.

ఇది నాయనకు తెలియకుండా రాస్తున్నాను. నేనే పోస్టు చేస్తాను.

కాలు వచ్చిన రోజే నాయన కట్టుకున్నాడు. లేచి నిలబడినాడు. గోడ పట్టుకోకుండా నాలుగడుగులు వేసినాడు. అమ్మ నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. అట్లే నడిచి మగ్గం కాడికి పోయి, గుంట అంచున కూచుని, కాళ్ళు లోపలికి దించబోయి ఆగిపోయినాడు. గుంట చూసినాడు. బూటు చూసినాడు. మళ్ళీ గుంట చూసినాడు.

నువ్వు పుట్టింది మగ్గాల ఇంట్లోనే గదా బావా, అయిదేళ్ళ చదువులో అదెట్లా మరిచిపోయినావు? చెప్పుకాలు మగ్గం గుంటలో పెట్టేవాడు ధర్మవరంలో యాడన్నా ఉండాడా? తాత బతికున్నప్పుడు గుంటలో దిగే ముందర కాళ్ళు కడుక్కుని, గుంట అంచు కండ్లకద్దుకునేవాడు. అట్లాంటి దాంట్లో తోలు బూటు! పోనీ బూటు ఇప్పుదామంటే కింద ఇనుప పట్టీ. అది పలకమింద నిలవదు, జారతాది.

నాయన లేచి వచ్చినాడు. కాలు ఇప్పి, తుడిచి, "పిల్లోడు చేసిండేది" అని దేవుని గూట్లో పెట్టినాడు. శుక్రవారం శుక్రవారం అమ్మ ఆ బూటుకు పసుపు, కుంకుమ పెడతాంది. నాయన మళ్ళీ ఆడోళ్ళ మధ్యన కూచుని కండెలు చుడతాండాడు.

నీకు చెప్తే నీ చదువు పోతాదని ఆయన భయం. "మార్చిలో కాగితం పంపిస్తాడు, పనిచేస్తాందని వేలిముద్ర వేసిస్తా, పిల్లోడు గట్టెక్కనీ" అంటాండాడు. జన్మలో దొంగపోగు వేయని మనిషి నీకోసం దొంగముద్ర వేస్తాడంట. నాకు మనసొప్పక రాస్తున్నాను.

కోడి మాత్రం గుంటలో దర్జాగా ఉంది. దానికి చెప్పులు లేవు గదా.

ఇంకొకటి. బూటు లోపల 214 అని నంబరు, పక్కన ఎన్.సి.సి. అని ముద్ర ఉంది. కోతులేవీ మన ఇంటికి రాలేదు బావా.

నేను రాసినట్టు తెలియనీయవద్దు.

బుజ్జమ్మ

*

హిందూపురం,
2 జనవరి 1965

పూజ్యులైన మామకు, నేరస్థుడు ఆదినారాయణ చేతులు కట్టుకుని చేసుకున్న ఒప్పుకోలు.

మామా, నీ కాలికి ఉన్న బూటు నాది కాదు. భారత ప్రభుత్వానిది. ఎడమ బూటు, నంబరు 214. ఏడాది చివర బూట్లు జతగా అప్పగించకపోతే డిగ్రీ ఇవ్వరని ప్రాస్పెక్టస్ నలభై మూడో పుటలో ఉంది. నాకు ముందే తెలుసు. బజారులో ఒంటి బూటు అమ్మేవాడు దొరకలేదు. నీ కాలు నిలబడితే చాలు, డిగ్రీ సంగతి తర్వాత చూసుకుందామనుకున్నాను. కోతి మీద నేరం మోపాను. కోతి ఇంకా ఒప్పుకోలేదు.

నువ్వు ఆ కాలితో సుఖంగా నేస్తున్నావు కాబట్టి దాన్ని వెనక్కి అడగాలంటే నోరు రావడం లేదు. అయినా అడుగుతున్నాను. బూటు ఊడదీసి పంపు. బూటు లేనందువల్ల కలిగే లోటు తీర్చడానికి, గత్యంతరం లేక, నీకు ఉత్త కాలు చేయవలసివస్తోంది. వట్టి పాదం. అయిదు వేళ్ళు. అంతా చెక్కే. తోలు గానీ ఇనుము గానీ కిందికి రాదు. నీకు నామోషీ అనిపిస్తే క్షమించు.

నీ కుడిపాదం గుర్తు ఒక కాగితం మీద వేసి పంపితే, ఎడమది దానికి జోడుగా చెక్కిస్తాను.

ఆది

*

ధర్మవరం,
10 జనవరి 1965

ఒరే ఆదినారాయణా,

నా నెత్తిన పాలు పోసినావురా! నామోషీ అంట, నామోషీ! నీ బూటు గూట్లోంచి దించి మీ అత్త చేతికిచ్చి మూట కట్టమంటి. అది ఇంకో తూరి బొట్టు పెట్టి మరీ కట్టింది.

బుజ్జమ్మ నీకు రాసిందని నాకు తెలుసు. మూడు కవర్లు తెచ్చిపెడితే రెండే ఉండాయి. ఇది రాస్తాన్నప్పుడు దాని మొగం చూడాల. రాయవే, అది గూడా రాయి.

ఇప్పుడు ఇను. నేను పలకను చూసి తొక్కను. గుంటలోకి ఎవుడు చూస్తాడు? చూపు పోగుమింద ఉంటాది. కాలికి కండ్లు బొటనేలులో ఉంటాయి. చెక్కకు కండ్లు యాడనుంచి తెస్తావు? అందుకని నా ఎడమ పలకమింద వేలెడంత కొయ్యమేకు, గూటం ఒకటి కొట్టించినా. ఆ గూటాన్ని పట్టేట్టు బొటనేలికీ రెండో ఏలికీ నడుమ సందు పెట్టు, చెప్పు వారు పట్టేంత సందు. గూటం సందులో పడిందంటే కాలు పలకమింద ఉన్నట్టే. జారదు. ఇది ఏ పుస్తకంలో ఉండాదో ఎతకద్దు, నిన్న మధ్యాన్నం నాకు తోచింది.

అడుగున రబ్బరు గూడా వద్దు. రబ్బరు పెడితే అదీ చెప్పే. రెండో ఏలు బొటనేలి కంటే పొడుగు చేస్తివంటే ఇంట్లో పెండ్లాం మాటే సాగుతాదంటారు. ఈ పొద్దు దాకా సాగతాండేది చాలు.

కుడిపాదం పసుపునీళ్ళలో ముంచి వేసిన గుర్తు దీంట్లో ఉండాది. ఉగాది దగ్గరకొస్తాంది. మీ అత్త మన్ను తోలే బండోనితో మాట్లాడేసింది.

మామ చౌడప్ప, వేలిముద్ర

*

హిందూపురం,
14 ఫిబ్రవరి 1965

మామకు,

కాలు ఆలస్యమైనందుకు సంజాయిషీ.

నీ పసుపు పాదం గుర్తు రామచంద్రకు ఇచ్చాను. ఆయన కండ్లకద్దుకుని, వేపమొద్దు మీద ఉన్నదున్నట్టు గీసుకున్నాడు. నేనూ ఆయనా వంతులవారీగా పదకొండు రోజులు చెక్కాము. గోళ్ళు కూడా దించాము. చూసినవాళ్ళంతా శభాష్ అన్నారు. పన్నెండో రోజు ఏసుదాసు వచ్చి చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, "చాలా బాగుంది. మీ మామకు కుడికాలు కూడా పోయిందా?" అన్నాడు.

గుర్తు కుడిపాదానిది. మేము దాన్ని తిప్పి గీయడం మరిచి అచ్చం కుడిపాదమే చెక్కాము. అయిదేళ్ళుగా ఇంజనీరింగు డ్రాయింగు చదివినవాణ్ణి నేను. ముప్పై ఏళ్ళుగా అచ్చులు చెక్కినవాడు రామచంద్ర. ఇద్దరం ఆ రోజు అన్నం తినలేదు. ఆ కుడికాలు ఇప్పుడు వర్కుషాపు తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టారు.

ఈ జాబుతో వస్తున్నది ఎడమకాలే. మూడుసార్లు చూశాము, నాలుగోసారి ఏసుదాసు చూశాడు. బొటనవేలి పక్కన సందు ఉంది. రెండో వేలు పొట్టిగా, అణకువగా ఉంది.

ఈసారి మొహమాటపడవద్దు మామా. పనిచేయకపోతే పనిచేయలేదనే రాయించు. ఏడాది పోతే పోతుంది. నీ చేత అబద్ధం నేయించి డిగ్రీ తీసుకోను. ఇంకో మాట. మా ప్రొఫెసరు గారు మార్చిలో ఆ దారిన వెళ్తూ స్వయంగా వచ్చి చూస్తారట. నన్ను వెంట రావద్దన్నారు.

ఆది

*

ధర్మవరం,
25 మార్చి 1965

చిరంజీవి ఆదినారాయణకు మామ చౌడప్ప దీవెనలు.

మీ ప్రొఫెసరు మొన్న వచ్చిపాయె. రైలు మారేదానికి నాలుగు గంటలు టైముండాదని టాంగా చేసుకుని వచ్చె. నల్ల బూట్లు, చేతిలో తోలుసంచి. బుజ్జమ్మ వాకిట్లోనే నిలేసింది. "సార్, మగ్గం ఇంట్లోకి బూట్లు రావు." ఆయప్ప దాన్ని చూసె, నన్ను చూసె, తిన్నెమింద కూచుని లేసులిప్పె. మేజోడుకు చిల్లు. బొటనేలు బయటికి తొంగి చూస్తాంది. మీ అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పాయె.

కోడిని లేపి నేను గుంటలో దిగితి. కాలు వచ్చినప్పటినుంచి నూలు పడుగు ఒకటి ఎక్కించి చెయ్యి సరిచేసుకుంటాండా. చెయ్యి గాదు, కాలు. ఆయప్ప గుంట అంచున వట్టికాళ్ళతో కూచునె. నేను నేస్తాంటే ఆ పలకమింద, ఈ పలకమింద నా కాళ్ళే చూస్తాండె. కాసేపటికి, "దీని హార్సుపవరు ఎంత?" అనె. "గుర్రం గాదు సామీ, చౌడప్పే" అంటి.

నేసిన గుడ్డ తీసి చూపిస్తి. మొదటి జానలో ఏడు తప్పులు, గూటం దొరక్క కాలు తప్పిన చోటల్లా గీత పడిండాది. రెండో జానలో రెండు. మూడో జానలో ఆయప్ప సంచిలోంచి భూతద్దం తీసి ఎతికినాడు. ఎతకనీలే అని నేను బీడీ ముట్టించుకుంటి. దొరకల్యా. ఎర్ర పెన్సిలు అడిగి తీసుకుని, తప్పులున్న కాడల్లా సున్నాలు చుట్టి, మూడో జాన కింద ఏదో రాసె. "రైటు" అని రాసినాడంటాది బుజ్జమ్మ.

అంతలో మధ్యాన్నమాయె. దురద పెట్టె. పోగు తోసే నాడె ఆపి, ఒంగి, ఆ చెక్కకాలి బొటనేలికీ రెండో ఏలికీ నడుమ బరబరా గీరుకుంటి.

"ఏం చేస్తున్నావయ్యా?" అనె.

"దురద సామీ."

"చెక్కకా?"

"చెక్కకెందుకు పెడతాది? నాకు."

"గీరితే పోతుందా?"

"పోతాది సామీ. ఆ బూటు మింద గీరితే పోల్యా. దీనికి ఏలు కనపడతాంది గదా, పోతాది."

ఆ పెద్దమనిషి పెన్ను మూత తీసినోడు రాయనూ లేదు, మూత పెట్టనూ లేదు. మళ్ళీ గీరమనె. "ఇప్పుడు దురద లేదు సామీ, రేపు మధ్యాన్నం రా" అంటి. రైలుకు టైమాయెనని పాయె.

ధ్రువపత్రం కింద ఉండాది. మాటలు నావే.

"ఈ కాలు నాకు పనిచేస్తాంది. మొదటి జానలో సరిగా చేయలేదు, మూడో జానలో చేసింది. చేసినోడు ఆదినారాయణ, చెప్పినోడు నేను."

వేలిముద్ర వేయబోతి. అప్పుడు తోచింది. పనిచేసింది నా చెయ్యి గాదు, దీనికి నేనెందుకు ముద్ర వేయాల? ఆ చెక్క బొటనేలుకే సిరా పూసి ఒత్తించినా. గీతలు లేవని భయపడద్దు. వేపచెక్క ఈనెలు బాగా పడినాయి.

మామ చౌడప్ప

బావా, మన్ను బండోణ్ణి అమ్మ వెనక్కి పంపించేసింది. కోడికి గంప కింద చోటు చూపించినాము, దానికి ఇంకా కోపం తగ్గలేదు. ఏడాదిన్నరగా వాకిట్లో నాయన చెప్పు ఒకటే ఉండేది. ఇప్పుడు బయటికి పోయేటప్పుడు చెక్కకాలికి గూడా చెప్పు వేసుకుంటాడు, వచ్చి రెండూ ఇడుస్తాడు. నిన్న అమ్మ ఆ రెండింటినీ మూడు తూర్లు సరిచేసి పెట్టింది. – బుజ్జమ్మ

*

హిందూపురం,
31 మార్చి 1965

మామకు,

నిన్న కాలేజీకి పోయి, అన్నీ అప్పగించి, ఈ పూటే తిరిగి వచ్చాను.

ముందు బూటు. హవల్దారు మూట విప్పాడు. పసుపు, కుంకుమ, వాడిపోయిన చామంతిపువ్వు. "కోతి పూజ కూడా చేసిందా?" అన్నాడు. "భక్తి గల కోతి సార్" అన్నాను. ఆయన బూటును ఒకసారి కళ్ళకద్దుకోబోయి, నేను చూస్తున్నానని మానుకుని బీరువాలో పెట్టాడు.

తర్వాత ఆఫీసులో ధ్రువపత్రం ఇచ్చాను. గుమాస్తా గారు ముద్ర మీద వేలు పెట్టి, "ఇదేం వేలు?" అన్నారు. "ఎడమకాలి బొటనవేలు సార్" అన్నాను. "మనిషిదేనా?" "మనిషిదే సార్. వేపది." ఆయన పచ్చట్ట పుస్తకం తీశారు. సంతకం చెల్లుతుందని ఉంది. వేలిముద్ర చెల్లుతుందని ఉంది. ఏ వేలో లేదు, ఏ చెక్కో లేదు. ప్రొఫెసరు గారి గదిలోకి తీసుకుపోయి చూపించారు. లోపలినుంచి ఆయన గొంతు వినబడింది. "చెల్లదని ఎక్కడైనా ఉందా? లేదు కదా, స్టాంపు వెయ్యి."

వేశారు.

నేను వచ్చేస్తుంటే ప్రొఫెసరు గారు పిలిచి, ఆ దురద ఎందుకు పోతుందో నీకు తెలుసా అని అడిగారు. తెలియదు సార్, సిలబసులో లేదు అన్నాను. "నాకూ తెలియదు" అని ఒప్పుకుని, శనివారం మధ్యాహ్నం మళ్ళీ ధర్మవరం దిగుతానన్నారు. కొత్త మేజోళ్ళు వేసుకుని వస్తారు, అత్తను నవ్వవద్దని చెప్పు.

పరీక్షలు వచ్చే నెల. వాటిలో తప్పితే ఆ తప్పు నాది, కాలిది కాదు.

ఆదివారం బండికి వస్తున్నాను. నేనూ ఒకసారి గుంటలో దిగి చూడాలి. చెప్పులు స్టేషన్లోనే విడిచి వస్తాను.

నీ
ఆది